జీతమిచ్చి న్యాయం కోరిన దివాన్: నవాబ్ సాలార్‌జంగ్

వనస్థలిపురం, హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో ఉండే మన కుటుంబాలు సెలవు రోజుల్లో పిల్లలకు సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడం మామూలే. గడియారంలో గంట కొట్టే బొమ్మ కోసం పిల్లలు ముందుగానే వెళ్ళి కాచుకుని కూర్చుంటారు. పెద్దలు మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం ముందు నిలబడిపోతారు. ఇదంతా ఒకే నవాబుగారు సేకరించారనుకుని ఇంటికి తిరిగి వస్తారు.

వాస్తవానికి సాలార్‌జంగ్ బిరుదుతో ప్రసిద్ధులైనవారు ముగ్గురు. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీ ఖాన్, మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మ్యూజియంలోని సంపదలో హెచ్చుభాగం మనుమడు సేకరించినది. రెబెకా విగ్రహాన్ని 1876లో రోమ్ నగరంలో కొన్నది మాత్రం తాతగారు. ముప్ఫై ఏళ్ళపాటు హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా ఉన్నది కూడా ఆయనే. ఈ వ్యాసం ఆయన గురించి.

ఆయన చేసిన పనుల్లో ముఖ్యమైన దానికి మ్యూజియంలో చోటు లేదు. దాన్ని చూడాలంటే ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణకు వెళ్ళాలి. అక్కడ వాది ఎవరైనా, ప్రతివాది ఎవరైనా, తీర్పు చెప్పే అధికారికి నెల తిరిగేసరికి ప్రభుత్వ ఖజానా నుంచి ఒకే జీతం అందుతుంది. దావా గెలిచినవారు ధనికులైతే ఆ జీతం పెరగదు, పేదలైతే తగ్గదు. మనకు ఇది సహజంగా తోస్తుంది. కాని ఇదే హైదరాబాద్‌లో 1853కు ముందు ఇది చాలామంది ఊహకు కూడా అందని మాట.

కుటుంబం, బాల్యం

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829 జనవరి 21న బీజాపూర్‌లో జన్మించారు. వంశంలో దివాన్ పదవి కొత్త కాదు. మనం నేటికీ చూస్తున్న మీర్ ఆలం చెరువుకు పేరు తెచ్చిన మీర్ ఆలం ఆయనకు ముత్తాత వరుస. తాతగారు మునీరుల్‌ముల్క్, పినతండ్రి సిరాజుల్‌ముల్క్ కూడా దివాన్లుగా పనిచేసినవారే. బాలుడు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఇంటిపెద్దల నీడలో అరబీ, ఫార్సీ చదువుకున్నాడు. తర్వాత ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు.

పరిపాలనలో ఆయన ఓనమాలు దిద్దుకున్నది తెలుగు నేల మీదనే. 1840ల చివరలో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దార్‌గా నియమితులయ్యారు. అక్కడ అంతకుముందు పనిచేసిన డైటన్ అనే ఆంగ్లేయుడు ఏర్పరచిన లెక్కల పద్ధతిని శ్రద్ధగా గమనించారు. రైతు దగ్గర ఎంత వసూలైంది, అందులో ఖజానాకు ఎంత చేరింది, మధ్యలో ఎంత మాయమైంది అన్నవి అక్కడ ఆయన కళ్ళారా చూసిన విషయాలు. కొద్ది నెలల ఉద్యోగమే అయినా ఆ పాఠం జీవితాంతం ఉపయోగపడింది.

1853 మే నెలలో సిరాజుల్‌ముల్క్ మరణించారు. నిజాం నాసిరుద్దౌలా ఆ పదవిని ఇరవైనాలుగేళ్ళ ఈ యువకుడికి అప్పగించారు. ఆయన కోరి తీసుకున్న పదవి కాదిది. పినతండ్రి జాగీరును చూసుకుంటూ ప్రశాంతంగా ఉండిపోవాలన్నదే ఆయన కోరిక. కాని కుటుంబ గౌరవం, ప్రభువు ఆజ్ఞ రెండూ కలిసి ఆయనను ముందుకు నెట్టాయి.

జీతం లేని రాజ్యం

ఆయన దివాన్ అయ్యేనాటికి హైదరాబాద్ రాజ్యం చితికిపోయి ఉంది. కొద్ది రోజుల ముందే, అదే మే నెలలో, బేరారు రాష్ట్రాన్ని ఇంగ్లీషు కంపెనీ పాలనకు అప్పగించే ఒడంబడిక జరిగింది. దానికి మూలకారణం జీతాల బకాయే. నిజాం ఖర్చు మీద ఆంగ్లేయ అధికారుల కింద నడిచే సైన్యానికి నెలనెలా జీతం అందలేదు. కంపెనీ అప్పు ఇచ్చి ఆ జీతాలు చెల్లించింది. అప్పు పెరిగింది. చివరికి భూమి పోయింది. జీతం సకాలంలో ఇవ్వని ప్రభుత్వం ఏం పోగొట్టుకుంటుందో యువ దివాన్‌కు తొలి వారంలోనే అర్థమయి ఉంటుంది.

రాజ్యం లోపలి స్థితి ఇంకా దారుణం. ఒక్కొక్క తాలూకాను గుత్తకు ఇచ్చేవారు. గుత్తకు తీసుకున్న తాలూక్‌దారు ముందుగా దివాన్‌కు కొంత సొమ్ము చెల్లించి, ఆ తర్వాత రైతుల దగ్గర తనకు వీలైనంత వసూలు చేసుకునేవాడు. వసూలైన రూపాయికి ఇన్ని అణాలని అతని వాటా. అతనికి నెలజీతం అనేది లేదు. అప్పులిచ్చిన షావుకార్లకూ, సైనికులను పోషించే అరబ్బు, రోహిల్లా జమేదార్లకూ తాలూకాలకు తాలూకాలే తాకట్టులో ఉండేవి. నిజాం ఆభరణాలు సైతం కుదువలో ఉన్నాయి.

ఇక న్యాయం సంగతి ఏమిటి? నగరంలో అదాలతులు ఉన్నాయి, ఖాజీలు ఉన్నారు. సిరాజుల్‌ముల్క్ కాలంలో కొన్ని జిల్లాలకు మున్సిఫ్‌లను పంపే ప్రయత్నమూ జరిగింది. కాని పల్లెల్లో తగాదా తీర్చేది చాలాచోట్ల ఆ గుత్తదారు తాలూక్‌దారే, లేదా అతని మనిషి. పన్ను దండుకునేవాడూ, తప్పు నిర్ణయించేవాడూ, జరిమానా వేసేవాడూ ఒకడే. జరిమానా ఎంత పెరిగితే అతనికి అంత లాభం. నగరంలోనైతే జమేదార్లు తమకు బాకీపడిన వారిని తమ ఇళ్ళలోనే బంధించేవారు. అదాలతు గడప తొక్కవలసిన పని వారికి ఉండేది కాదు.

ఆ అధికారులందరూ పుట్టుకతో దుర్మార్గులని అనుకోనక్కరలేదు. భార్యాపిల్లలు ఉన్న మనిషికి ప్రభుత్వం జీతం ఇవ్వకుండా అధికారం మాత్రం ఇస్తే, అతడు ఆ అధికారాన్నే అమ్ముకుని బతుకుతాడు. దైవభీతి ఉన్నవారు కొందరు తట్టుకుని నిలబడతారు. రాజ్యమంతా అలాంటివారితోనే నిండాలని ఆశించి వ్యవస్థను నడపలేం.

ఖాజీ భత్యం గురించి మన పూర్వులు

ఈ విషయం ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాకు అత్తాబ్ బిన్ అసీద్ (రజి)ను అధికారిగా పంపినప్పుడు ఆయనకు భత్యం నిర్ణయించారని మన మదర్సాల్లో చదివే హిదాయా గ్రంథం గుర్తు చేస్తుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన మర్నాడు కూడా బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. వ్యాపారం చూసుకుంటే ప్రజల పని ఎవరు చూస్తారని సహాబాలు ఆలోచించి, ఆయన కుటుంబానికి సరిపడా బైతుల్‌మాల్ (ప్రజా ధనాగారం) నుంచి భత్యం ఏర్పాటు చేశారు.

హజ్రత్ ఉమర్ (రజి) కూఫా నగరానికి షురైహ్‌ను ఖాజీగా నియమించారు. ఆయనకు నెలకు నూరు దిర్హములు నిర్ణయించారని, తర్వాత హజ్రత్ అలీ (రజి) కాలంలో అది అయిదు వందలు అయిందని గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయిన ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఖాజీల జీతం బైతుల్‌మాల్ నుంచే రావాలని స్పష్టం చేశారు. ఖాజీ చేతిలో పరిష్కారానికి వచ్చిన ఆస్తిలోంచి ఖాజీకి ముట్టకూడదన్నది అందులోని సారం. ఖాజీ కక్షిదారు చేతివైపు చూడకూడదు, ఇంట్లో పొయ్యి వెలగక బాధపడనూ కూడదు. మన ఫుఖహాలు ఈ రెండు వైపులనూ చూసి చెప్పిన మాట ఇది.

అరబీ, ఫార్సీ చదువుతో పెరిగిన సాలార్‌జంగ్‌కు ఈ సంప్రదాయం పరాయిది కాదు. దానితోపాటు ఇంగ్లీషు పరగణాల్లో జీతాల అధికారులు పనిచేసే తీరును కూడా ఆయన గమనిస్తూ వచ్చారు.

ముందు ఖజానా, తర్వాత జీతం

జీతం ఇవ్వాలనుకోవడం సులభం. ఇవ్వడానికి ఖజానాలో డబ్బు ఉండాలి. అందువల్ల సాలార్‌జంగ్ మొదట న్యాయస్థానాల జోలికి పోలేదు. తాకట్టులో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించడం మొదలుపెట్టారు. షావుకార్లతోనూ జమేదార్లతోనూ కూర్చుని లెక్కలు తేల్చారు. నిజంగా చెల్లించవలసిన బాకీ ఎంత, వడ్డీ పేరుతో పెంచినది ఎంత అని విడదీశారు. విడిపించిన తాలూకాలకు గుత్తదార్ల స్థానంలో జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పంపారు. వసూలైన సొమ్ము నేరుగా కేంద్ర ఖజానాకు చేరే ఏర్పాటు చేశారు.

రాజ్యంలో అప్పట్లో పలుచోట్ల టంకశాలలు ఉండేవి. ఒక్కొక్కచోటి రూపాయికి ఒక్కొక్క విలువ. నెలజీతం ఇచ్చినా ఏ రూపాయితో ఇచ్చారన్నది పెద్ద ప్రశ్న అయ్యేది. సాలార్‌జంగ్ హాలీ సిక్కాను స్థిరపరిచి ఆ గందరగోళాన్ని తగ్గించారు. బయటి నుంచి చూస్తే ఇది నాణేల వ్యవహారంలా కనిపిస్తుంది. కాని ఖమ్మంలో ఉన్న అధికారికీ, ఔరంగాబాద్‌లో ఉన్న అధికారికీ ఒకే జీతం అందాలంటే రూపాయి విలువ రెండుచోట్లా ఒకటే కావాలి కదా.

1860లో రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ ప్రాంతాలు తిరిగి రాజ్యానికి వచ్చాయి. కంపెనీకి ఉన్న పాత అప్పు కూడా రద్దయింది. దానితో ఖజానాకు ఊపిరి ఆడింది.

జిల్లాబందీ

1865లో ఆయన జిల్లాబందీ అనే పెద్ద సంస్కరణను అమలులోకి తెచ్చారు. దివాన్ పాలనలో ఉన్న భూమిని జిల్లాలుగా విభజించారు. 1867 నాటికి అయిదు సుబాలు, పదిహేడు జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అతని కింద దువ్వం, సువ్వం తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దార్ అనే వరుస స్థిరపడింది. ఒక్కొక్క పదవికి ఒక్కొక్క నెలజీతం నిర్ణయమైంది. వసూళ్ళలో వాటా అనే పాత మాట దివానీ ప్రాంతాల్లో అంతటితో ముగిసింది.

ఆ రోజుల్లో జిల్లాలో సివిల్ తగాదాలు, నేరాలు విచారించే అధికారం కూడా ఎక్కువగా ఈ అధికారుల చేతుల్లోనే ఉండేది. కాబట్టి తాలూక్‌దారుకు జీతం నిర్ణయించడమంటే ఆ ప్రాంతపు న్యాయాధికారికి జీతం నిర్ణయించడమే. పొలం గట్టు తగాదాతో కచేరీకి వచ్చిన రైతు దగ్గర పుచ్చుకుంటే తప్ప ఇల్లు గడవదనే సాకు ఆ అధికారికి ఇక మిగలలేదు. లంచం అంతటితో అంతరించిందని చెప్పలేం. అయితే అంతకుముందు అది బతుకుతెరువు. ఇప్పుడు అది నేరం అయింది. జీతం ఇచ్చిన ప్రభుత్వానికే తప్పు చేసినవాడిని తొలగించే నైతిక హక్కు ఉంటుంది.

మన దారిలోనే ఒక గుర్తు

1860ల చివరలో సాలార్‌జంగ్ నలుగురు సద్రుల్‌మహామ్‌లను, అంటే శాఖామంత్రులను, నియమించారు. రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర వ్యవహారాలు ఒక్కొక్కరికి అప్పగించారు. న్యాయశాఖ భారం బషీరుద్దౌలాకు దక్కింది. తర్వాతి కాలంలో సర్ ఆస్మాన్ జాగా పేరుపొంది దివాన్ అయినవారు ఈయనే. ఎల్.బి.నగర్ నుంచి మెట్రోలో వస్తూ దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేట టీవీ టవర్ వైపు చూస్తే గుట్ట మీద కనిపించే అస్మాన్‌గఢ్ ఆయన కట్టించినదే. రోజూ ఆ దారిన పోయే మనలో చాలామందికి అది హైదరాబాద్ తొలి న్యాయమంత్రి కట్టడమని తెలియదు.

మంచి జీతం ఉన్నచోటికి మంచి మనుషులు వస్తారన్నది సాలార్‌జంగ్ నమ్మకం. 1850ల్లోనే నగరంలో దారుల్ ఉలూమ్ మదర్సా స్థాపించి స్థానికులకు చదువు చెప్పించారు. అంతవరకు ఆగలేని పనులకు ఉత్తరాది నుంచి అనుభవజ్ఞులను పిలిపించారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్‌ముల్క్, విఖారుల్‌ముల్క్, మౌల్వీ చిరాగ్ అలీ, డిప్యూటీ నజీర్ అహ్మద్ వంటివారు 1870ల్లో వచ్చి చేరారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు సయ్యద్ మహమూద్ 1881లో న్యాయపాలన సంస్కరణలో సహాయపడడానికి కొంతకాలం ఇక్కడికి వచ్చారు. తర్వాత అలహాబాద్ హైకోర్టు జడ్జిగా ఆయన దేశమంతా పేరు పొందారు.

ప్రాణం మీదికి వచ్చిన సంస్కరణ

అందరికీ ఇది నచ్చలేదు. గుత్తలు పోయిన తాలూక్‌దార్లు, తాకట్టులు వదులుకున్న జమేదార్లు, తమ మాటకు ఎదురులేదనుకున్న అమీర్లు లోలోపల మండిపడ్డారు. 1859లో ఆయన బ్రిటిష్ రెసిడెంటుతో కలిసి దర్బారు నుంచి బయటికి వస్తుండగా ఒకడు తుపాకీ పేల్చాడు. 1868లో మరొకసారి కాల్పులు జరిగాయి. రెండుసార్లూ అల్లాహ్ దయవల్ల బయటపడ్డారు. నిజాం అఫ్జలుద్దౌలాకు కూడా దివాన్ మీద అన్నివేళలా నమ్మకం ఉండేది కాదు. 1860ల్లో ఆయనను తొలగించే ప్రయత్నాలు జరిగాయి.

1857 సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. జూలై నెలలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు సాలార్‌జంగ్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. తుర్రెబాజ్ ఖాన్ ప్రాణం పోయింది, మౌల్వీగారు అండమాన్ జైలు పాలయ్యారు. ఈ కారణంగా ఆయనను నేటికీ క్షమించని వారున్నారు. రాజ్యాన్ని కాపాడుకోవడానికి మరో దారి లేదని సమర్థించేవారూ ఉన్నారు. ఆయన పరిపాలనలో చేసిన మేలు ఆ ప్రశ్నను చెరిపివేయదు. ఆ ప్రశ్న కూడా ఈ మేలును చెరిపివేయదు.

మిగిలిపోయిన లోటు

ఆయన సంస్కరణ రాజ్యమంతటికీ చేరలేదు. జాగీర్లు, పాయగా ఎస్టేట్లు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూములు కలిపి రాజ్యంలో మూడోవంతుకు మించి ఉండేవి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా గ్రామాలు సర్ఫెఖాస్ కిందివే. పెద్ద జాగీర్లలో జాగీర్దారు సొంత న్యాయమే నడిచేది. 1949లో జాగీర్లు రద్దయ్యేవరకు ఆ తేడా మిగిలింది.

రెండవ లోటు అధికారాల కలయిక. జీతం అందినా, పన్ను వసూలు చేసే అధికారే తీర్పు కూడా చెప్పడం చాలాకాలం సాగింది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1921లో, న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరు చేశారు. ఇంగ్లీషు ఇలాకాల్లో చాలామంది కోరుతూ కూడా సాధించుకోలేకపోయిన పని అది.

మూడవది భాష. సాలార్‌జంగ్ జీవితకాలమంతా కచేరీ భాష ఫార్సీయే. ఆయన మరణించాక 1884 నుంచి దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో తగాదా తెచ్చిన తెలుగు రైతుకు తన గురించి ఏం రాస్తున్నారో, ఏం చదువుతున్నారో తెలిసేది కాదు. మధ్యలో అర్థం చెప్పేవాడికి ఎంతో కొంత ఇచ్చుకోవలసిందే. న్యాయాధికారికి జీతం ఉన్నా, కక్షిదారుకు భాష లేకపోతే లంచానికి మరో తలుపు తెరుచుకుంటుంది. ఉర్దూ, తెలుగు రెండూ ఇంట్లో మాట్లాడుకునే మనకు ఈ సంగతి ఇతరుల కంటే బాగా తెలియాలి.

బయటి నుంచి వచ్చినవారికి పెద్ద జీతాలు ఇవ్వడం వల్ల స్థానికుల్లో అసంతృప్తి పెరిగింది. ముల్కీ, గైర్‌ముల్కీ వివాదానికి అక్కడే బీజం పడింది. జీతం ఎంత అన్నదే కాక, ఎవరికి ఎందుకు ఇస్తున్నామో ప్రజలకు నచ్చచెప్పడం కూడా పాలకుడి బాధ్యతే.

చివరి రోజులు

1869లో అఫ్జలుద్దౌలా కన్నుమూశారు. వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్ళు నిండని బిడ్డ. అమీరె కబీర్‌తో కలిసి సాలార్‌జంగ్ రాజ్య సంరక్షకుడయ్యారు. 1874లో హైదరాబాద్‌కు వాడి నుంచి రైలు వచ్చింది. 1876లో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. దారిలో పారిస్ హోటలులో మెట్ల మీద జారిపడి గాయపడ్డారు. ఆ బాధతోనే ప్రయాణం సాగించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. బేరారును తిరిగి పొందాలన్న ఆయన కోరిక మాత్రం నెరవేరలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఒక్కరోజులోనే మరణించారు. వయస్సు యాభై నాలుగేళ్ళు. బాలనిజాంకు అధికారం అప్పగించే రోజు చూడకుండానే వెళ్ళిపోయారు. దాయరా మీర్ మోమిన్‌లో తన కుటుంబ సమాధుల మధ్య ఆయనను ఖననం చేశారు.

నేటి మాట

న్యాయాధికారి జీతం ఎంత ఉండాలన్న చర్చ ఆయనతో ముగియలేదు. స్వతంత్ర భారతదేశంలో కూడా చాలా ఏళ్ళు కింది కోర్టుల జడ్జీల జీతం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉండేది. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1991, 1993 తీర్పుల్లో కోర్టు వారి మొర ఆలకించింది. జడ్జీలను ఇతర ప్రభుత్వ ఉద్యోగులతో సమంగా తూచడం సరికాదని, రాజ్యాధికారంలో ఒక భాగాన్ని వారే నిర్వహిస్తున్నారని అభిప్రాయపడింది. 1996లో జస్టిస్ జగన్నాథ శెట్టి అధ్యక్షతన తొలి జాతీయ న్యాయ వేతన సంఘం ఏర్పడి 1999లో నివేదిక ఇచ్చింది.

రెండవ సంఘానికి అధ్యక్షులు మన తెలుగు నేలకు చెందిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. 2017లో ఏర్పడిన ఆ సంఘం 2020లో నివేదిక సమర్పించింది. జూనియర్ సివిల్ జడ్జి తొలి జీతం నెలకు 27,700 రూపాయలుండగా దాన్ని 77,840 రూపాయలకు పెంచాలని సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు 2022లో ఈ జీతాలను ఆమోదించి, 2016 జనవరి 1 నుంచి వర్తింపజేయాలని ఆదేశించింది. చాలా రాష్ట్రాలు డబ్బు లేదంటూ ఆలస్యం చేస్తే 2023లోనూ, 2024 జనవరిలోనూ మళ్ళీ తీర్పులు ఇవ్వవలసి వచ్చింది. సాలార్‌జంగ్‌కు 1853లో ఎదురైన చిక్కే ఇది. ధర్మం ఏమిటో అందరికీ తెలుసు, ఖజానా తాళం తీయడమే కష్టం.

జడ్జీలకు అంత జీతం ఎందుకని అడిగే పేదలు మనలో ఉన్నారు. దినకూలి మీద బతికే మనిషికి ఆ సంఖ్య పెద్దదిగానే కనిపిస్తుంది. వారికి మనం చెప్పవలసిన జవాబు ఇది. ఇంటి స్థలం కోసమో, భరణం కోసమో, తండ్రి ఆస్తిలో ఆడపిల్ల వాటా కోసమో వారు కోర్టు మెట్లెక్కిన రోజున ఎదుటి పక్షంవాడు వారికంటే ధనికుడై ఉండవచ్చు. కూర్చున్న అధికారికి జీతం చాలకపోతే ఆ ధనం ఎటు ప్రవహిస్తుందో చెప్పనక్కరలేదు. ధనికుడికి ఎలాగూ ఏదో ఒక దారి దొరుకుతుంది. జడ్జి నిశ్చింతగా ఉండడం పేదవాడికే ఎక్కువ అవసరం.

అలాగని జీతం ఒక్కటే చాలదు. తగిన జీతం తీసుకుని కూడా చేయి చాపేవాడు రెట్టింపు దోషి. ఇవ్వజూపేవాడు నిర్దోషి అవుతాడా? లంచం తీసుకునేవాడినీ, ఇచ్చేవాడినీ ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారని హదీసులు తెలుపుతున్నాయి. ప్రభుత్వం తన వంతుగా జీతం ఇచ్చింది. న్యాయాధికారి తన వంతుగా చేయి ముడుచుకోవాలి. మన వంతు మిగిలి ఉంది. కోర్టు గుమాస్తా చేతిలో నోటు పెడితే పని త్వరగా అవుతుందని మన ఇంట్లో ఎవరైనా అన్నప్పుడు, పిల్లలు వింటున్నారని గుర్తుంచుకుని వద్దనడం ఆ వంతు.

ఈసారి పిల్లలను మ్యూజియానికి తీసుకువెళ్ళినప్పుడు గడియారంతో పాటు ఈ కథ కూడా చెప్పండి. తిరుగు ప్రయాణంలో అస్మాన్‌గఢ్ చూపించండి, ఎల్.బి.నగర్‌లో దిగాక కోర్టు భవనం చూపించండి. అల్లాహ్ మన న్యాయాధికారులకు నిష్పక్షపాత బుద్ధినీ, వారి ముందు నిలబడవలసి వచ్చిన మనకు నిజం పలికే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.